పడగొట్టినవారే కట్టవలెను

ఒక యిల్లు కూల్చుటకు ఒక్క పగలు చాలును. కూలిన యిల్లు తిరిగి నిలుచుటకు ఆరేండ్లు పట్టినది. లండను నగరమున కిల్బర్ను పేటలోని కార్ల్టన్ టావెర్ను అను పానశాల 2015 ఏప్రిల్ 8వ తేదీన యంత్రముల పాలయ్యెను. 2021 ఏప్రిల్ నెలలో అదే స్థలమున, అదే రూపమున, కూల్పించిన యజమానుల సొమ్ముతోనే లేచి నిలిచి తిరిగి తలుపులు తెరచెను. "ఎచ్చటనో సీమలో ఒక త్రాగుడుకొట్టు పడిననేమి, లేచిననేమి? మనకేల?" అని పఠనమందిరమున పత్రిక విప్పిన పాఠకుడు మమ్ము ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్నకు బదులు చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము. అచ్చట విచారణకు వచ్చినది మద్యము కాదు. సొమ్ముగలవాడు తన దస్తావేజు చూపి, ఒక పేట జనుల జ్ఞాపకమును ఒక్క దినమున తుడిచివేయవచ్చునా? తుడిచివేసి, జుల్మానా చెల్లించి, చేతులు దులుపుకొని, ఆ శూన్యస్థలముమీద లాభము గడింపవచ్చునా? విచారణకు వచ్చిన విషయ మిది. "కూడదు" అని ఒక పురపాలక సంఘము పలికినది. పలుకుటయే కాదు, పలికిన పలుకు నెరవేర్చుకొన్నది. లోకమున అరుదైన దీ రెండవ పనియే.

ఆ యింటి పూర్వకథ కొంత తెలియవలెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1918లో, జర్మను బాంబు పడి ఆ స్థలమునందలి పాత పానశాల నాశమయ్యెను. యుద్ధము ముగిసినపిమ్మట చారింగ్టన్ అను బీరుతయారీ సంస్థవారు ఫ్రాంక్ పాటర్ అను శిల్పిని నియోగించి 1920–21లో అచ్చటనే క్రొత్త భవనము కట్టించిరి. ఎఱ్ఱని యిటుక గోడలు, వెలుపల మెఱుగు పలకలపై నిలిచిన అక్షరములు, లోపల తరగతుల వారీగా వేర్వేరు గదులు, పగటిభోజనమునకును తేనీటికిని ప్రత్యేకముగా ఒక గది: ఆనాటి అభిరుచి యంతయు అందు మూర్తీభవించి యుండెను. అది రాజప్రాసాదము కాదు, దేవాలయమును కాదు. కూలివాడు పని ముగించుకొని వచ్చి కూర్చుండు చోటు. రెండవ యుద్ధమున 1940–41లో లండనుమీద బాంబులవాన కురిసినపుడు ఆ వీధిలోని తక్కిన కట్టడములన్నియు పోయినను అది యొక్కటియే నిలిచెనని అచ్చటివారు గర్వముగ చెప్పుకొనుచుందురు. మొదటి యుద్ధపు బాంబు పుట్టించిన యిల్లది. రెండవ యుద్ధపు బాంబులు విడిచిన యిల్లది. శత్రువు విడిచినదానిని సొంతదారు విడువలేదు!

కాలక్రమమున ఆ ఆస్తి ఒక కంపెనీవారి చేతికి వచ్చెను. వారికి గోడలతో పనిలేదు. గోడల క్రింది నేలతోనే పని. లండనున నేల బంగారమువంటిది గదా! పాత యిల్లు తీసివేసి, వాటాల మేడ లేపి, ఫ్లాట్లు అమ్ముకొనవలెనని వారు వెస్టుమినిస్టరు పురపాలక సంఘమును అనుమతి యడిగిరి. 2015 జనవరిలో సంఘము నిరాకరించెను. ఇంతలో ఆ భవనముయొక్క వెలుపలి రూపును లోపలి అమరికయు అంతగా చెడక నిలిచియుండుటను గుర్తించి, చారిత్రక కట్టడముల రక్షణను విచారించు హిస్టారిక్ ఇంగ్లండ్ అను సంస్థ దానిని రక్షిత భవనముల పట్టికలో చేర్పవలెనని యోచించుచుండెను. పట్టికలో పేరు పడినచో గోడపై చేయి వేయుట నేరమగును. పేరు పడుటకు కొద్ది దినములే యున్నవి. అప్పుడు ఈస్టరు పండుగ వచ్చినది. పానశాల నడుపుచుండిన యామెకు సరకుల జాబితా తీయుదుమని చెప్పి తలుపులు మూయించిరి. రెండు దినములు గడవక ముందే యంత్రములు వచ్చినవి. లోని సామానులు సైతము పూర్తిగా తీయకయే కప్పు కూల్చిరి. పండుగ సెలవు చూచి, అధికారులు ఆదమరచియుండు వేళ చూచి, చట్టముకంటె ఒక అడుగు ముందు నడచిన యీ పనిని ఏమనవలెను? దీనికి వ్యాపారమను పేరు తగదు. తెల్లవారులోపల గట్టు జరిపి పొరుగువాని పొలము కలుపుకొనువాని బుద్ధి యిది.

సాధారణముగా ఇట్టి కథలు ఇచ్చటితో ముగియును. పత్రికలలో నాలుగు లేఖలు పడును. సభలో ఒక సభ్యుడు విచారము ప్రకటించును. నేరస్థునకు జుల్మానా విధింపబడును. ఆ జుల్మానాను వాడు ఇసుక, సున్నములతోపాటు కట్టుబడి ఖర్చుల పద్దులో వ్రాసికొనును. లక్షలు వచ్చు చోట వేలు చెల్లించుట శిక్ష యెట్లగును? అది చట్టముల నుల్లంఘించుటకు చెల్లించు సుంకము మాత్రమే. వెస్టుమినిస్టరు సంఘమువారు ఈ లెక్కను గ్రహించిరి. వారు సొమ్ము కోరలేదు. "ఏప్రిల్ 8వ తేదీకి ముందు ఆ యిల్లు ఎట్లుండెనో అట్లే, ఇటుకకు ఇటుక, తిరిగి కట్టుడు" అని ఉత్తరువు చేసిరి. యజమానులు పైయధికారుల కప్పీలు చేసికొనిరి. బహిరంగ విచారణ జరిగెను. పేటలోని 5,000కు పైచిలుకు జనులు పునర్నిర్మాణోద్యమమున చేరిరి. 2016 జూలైలో అప్పీలు కొట్టివేయబడెను. కట్టక తప్పలేదు.

ఇచ్చట ఒక సూక్ష్మమును పాఠకులు గమనింపవలెను. లేని యింటిని ఉన్నదున్నట్లు కట్టుటెట్లు? అది యెట్లుండెనో చెప్పువారెవరు? కంపెనీవారి పోకడలను అనుమానించిన పేటజనులు కూల్చివేతకు ముందే మేల్కొనిరి. రక్షణ సంస్థకు వ్రాసికొనిరి. సంస్థవారు వచ్చి, గదిగదియు ఛాయాపటములు తీసి, కొలతలు వ్రాసి, పలకలకు అచ్చులు సైతము తీసికొనిరి. ఆ కాగితములును ఆ అచ్చులును లేకున్నచో "మేము కట్టినదియే పూర్వరూపము" అని యజమానులు ఏ గోడనో లేపి చూపియుందురు. చేతులు కాలినపిమ్మట ఆకులు పట్టుకొనుట మనకు తెలిసిన విద్య. చేయి కాలకమునుపే ఆకు సిద్ధము చేసికొనుట కిల్బర్ను జనులు చూపిన విద్య. ఆ యింటిని తిరిగి నిలిపినది తాపీ కంటె ముందు కలము.

ఇక ఆక్షేపణలను విచారింతము. మొదటి ఆక్షేపణ ఆస్తిహక్కును గూర్చినది. "నా సొమ్ము పెట్టి కొన్న యిల్లు నాది. నిలుపుకొందును, కూల్చుకొందును. నడుమ నీవెవరవు?" అని యజమాని యడుగును. ఈ మాటలోని గర్వమును విడిచి లెక్క చూతము. ఆ నేలకు అంత వెల యెట్లు వచ్చినది? యజమాని చేసిన సేద్యమువలనా? చుట్టును రోడ్లు వేసినది ప్రజలు. దీపములు పెట్టినది ప్రజలు. పేటను నివాసయోగ్యముగ తీర్చినది తరతరముల జనుల కాపురములు. ఆ విలువలో అధికభాగము పరుల కష్టము. విలువ వచ్చునపుడు పదిమందిది పుచ్చుకొని, బాధ్యత వచ్చునపుడు "నాది" యనుట న్యాయమా? ఇంగ్లీషువారు పబ్బు అని కుదించి పలుకు పదము పబ్లిక్ హౌస్ అనుదానికి సంక్షేపము. ప్రజల యిల్లని దాని అర్థము. దస్తావేజులో పేరు ఒకనిది. వాడుకలో పేరు పదిమందిది. మన గ్రామములలో రావిచెట్టు క్రింది రచ్చబండకు పట్టా లేదు. అయినను దానిని పెకలించుకొని పోవ సాహసించువాడు ఊరిలో నిలువలేడు.

చట్టము అడ్డు నిలువని కాలమున ఆస్తిహక్కు ఏమి చేసినదో అదే లండను నగరము మఱియొక చోట సాక్ష్యమిచ్చుచున్నది. థేమ్సునదికి దక్షిణమున సదర్కు పేటలో జార్జి యిన్ అను పురాతన సత్రమొకటి కలదు. 1676లో ఆ పేటను దహించిన అగ్నికి ఆహుతియై, మరుసటి యేడు తిరిగి కట్టబడినది. ముంగిలి మూడువైపుల చుట్టివచ్చు కొయ్య వసారాలతో, గుఱ్ఱపుబండ్లకు మజిలీగ, బాటసారులకు బసగ, వర్తకులకు బేరములాడు చోటుగ అది రెండు శతాబ్దములు వెలసెను. రైలు వచ్చెను, గుఱ్ఱపుబండ్లు పోయెను. సత్రము రైల్వేకంపెనీవారి చేతబడి సరకుల డిపో అయ్యెను. 1889లో వారు గిడ్డంగులకొఱకు రెండు పార్శ్వములను కూల్చివేసిరి. ఎవరి యనుమతియు వారికి అక్కఱ లేకుండెను. దక్షిణపు పార్శ్వమొక్కటియే మిగిలెను. ఆ మిగిలిన ముక్కయే నేడు లండనున నిలిచియున్న వసారాల బండిసత్రములలో ఏకైకము! 1937లో రైల్వేవారే దానిని నేషనల్ ట్రస్టు అను సంస్థకు అప్పగించిరి. నాటినుండి అది ట్రస్టువారి రక్షణలో నుండి నేటికిని పానశాలగ నడచుచున్నది. దాని పొరుగువారి గతి యింకను విచారకరము. పదునాలుగవ శతాబ్దపు మహాకవి చాసరు తన కాంటర్బరీ యాత్రికులను పయనము కట్టించిన టాబర్డు సత్రము 1873లో నేలగూలినది. డికెన్సు తన పిక్విక్ నవలలో ఎక్కించిన వైట్ హార్టు 1889లో పోయినది. నేడు ఆ వీధికి వచ్చు యాత్రికుడు చాసరు పేరు తలచుకొని వట్టి గోడను చూచి మరలవలసినదే. ఇంగ్లీషు సాహిత్యమునకు పుట్టిల్లువంటి ఆ చోట్లను కూల్చినవారు పరదేశీయులు కారు, దొంగలును కారు. హక్కుగల యజమానులే! ఒక్క తరమువారి లెక్కలకు అన్ని తరముల సొత్తు తీరిపోయినది.

రెండవ ఆక్షేపణ: "కాలము మారును, ఇండ్ల పనులు మారును. పాతదానిని పట్టుకొని వ్రేలాడిన నగరము శ్మశానమగును." పనులు మారునన్న మాట మేమును ఒప్పుకొందుము. జార్జి సత్రము బండ్ల మజిలీగ నుండి రైల్వే డిపోయై, డిపోగ నుండి పానశాలయై బ్రతికినది. మిడ్లెండ్సులో హిమ్లీ సమీపమున క్రూకెడ్ హౌస్ అను పానశాల 1765లో రైతు యిల్లుగ పుట్టినది. క్రింది బొగ్గుగనుల త్రవ్వకములచేత నేల క్రుంగి, ఒక ప్రక్కకు ఒరగి, ఆ ఒరుగుటచేతనే ప్రసిద్ధి కెక్కినది. ఇంటికి పని మార్చుట దానికి ఆయువు పోయుట. ఇల్లే లేకుండ చేయుట ప్రాణము తీయుట. ఈ రెంటిని ఒక్కటే యని వాదించుట, అంగీ మార్చుటయు మెడ కోయుటయు ఒక్కటే యనుటవంటిది. గోడ నిలిచియున్నచో రేపటితరమువారు అందు గ్రంథాలయము పెట్టుకొందురో, వైద్యశాల పెట్టుకొందురో వారి యిష్టము. గోడ పోయినచో వారి యిష్టమునకు తావేది?

మూడవ ఆక్షేపణ మా పాఠకులలో పెక్కుర హృదయములందు మెదలునది. దానిని దాటవేయుట మాకు తగదు. "కల్లుదుకాణముల ముంగిట పికెటింగు చేసి చెరసాలలకు పోయిన తండ్రుల బిడ్డలము, 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడగా, ఆ కాక రాష్ట్రమంతట ప్రాకి, 1995లో మద్యనిషేధము తెచ్చిన నేలవారము. మనము ఒక పానశాలకొఱకు కన్నీరు కార్చుటయా?" ఈ ప్రశ్నను మేము గౌరవింతుము. ఆ స్త్రీలముందు మాకు తల వంగును. అయినను ఒక్కమాట. దూబగుంట స్త్రీలు అమ్మకమును ఆపించిరి. అది తమ సంసారములను రక్షించుకొనుటకు తెరచాటు లేక చేసిన ధర్మయుద్ధము. కిల్బర్నులో యంత్రము తోలినవారు ఏ మద్యనిషేధవ్రతము పూనియు తోలలేదు. వారు త్రాగుడు మాన్పింప వచ్చినవారు కారు, నేల అమ్మ వచ్చినవారు. మద్యముతో పోరు వేరు. కప్పుతో పోరు వేరు. ఆ పేటజనులు రేపు త్రాగుట మానినచో ఆ గదులలోనే తేనీరు త్రాగుచు లోకాభిరామాయణము చెప్పుకొందురు. తొలినుండియు తేనీటికై అందు ఒక గది యుండనే యుండెను. వ్యసనమును ద్వేషించుట ధర్మము. వ్యసనమును సాకుగ చూపి లోభమునకు దారి యిచ్చుట ధర్మము కాదు.

నాలుగవ ఆక్షేపణ: "లండనులో తల దాచుకొన చోటులేని జనులు వేలకొలది యున్నారు. ఇండ్లు కట్టెదమనిన అడ్డగింతురా?" నివాసముల కొఱత నిజము. కాని యిండ్లు కావలెనా, పానశాల కావలెనా యను వాదము 2015 జనవరిలోనే సక్రమముగ సంఘము ముంగిట విచారింపబడినది, తీర్పు వచ్చినది. తీర్పు నచ్చనివారికి అప్పీలు అను ద్వారము తెరచియే యున్నది. ఆ ద్వారమున పోక గోడ పగులగొట్టుకొని పోయినవారు బీదల పేరెత్తుట వింతగ నున్నది. బీదలకొఱకే యైనచో పండుగదినమున దొంగచాటుగ చేయనేల?

ఐదవ ఆక్షేపణ అన్నింటికంటె బలమైనది. "తిరిగి కట్టినది అసలు కాదు, నకలు. తొంబదినాలుగేండ్ల వాడుకచేత నునుపెక్కిన కొయ్య, జనుల చేతులు తగిలి అరిగిన తలుపు పిడి, గోడల కంటిన పొగమరక, ఇవి యే ఉత్తరువుచేత వచ్చును?" రావు. ఈ మాటలోని సత్యమును మేము కాదనము. పోయిన ప్రాణము పోయినదే. అందుచేతనే కూల్చుటకు ముందు కాపాడుట ఉత్తమము. కూలినదానిని కట్టించుట మధ్యమము. జుల్మానా పుచ్చుకొని ఊరకుండుట అధమము. అయినను ఆ ఉత్తరువుయొక్క ప్రయోజనము పాతదనమును సృష్టించుట కాదు. అపరాధమునకు ఫలము దక్కనీయకుండుట దాని ప్రయోజనము. కూల్చినవానికి ఖాళీస్థలము లభించినచో రేపు పదిమంది కూల్తురు. కూల్చినవానికి తన ఖర్చుతో ఆ పాతయిల్లే మరల తగులుకొన్నచో, యంత్రము అద్దెకు తెచ్చుటకు ముందు పదిమారులు ఆలోచింతురు. ఆ మెఱుగు పలకలలో ప్రతి యొక్కటియు బాటసారికి అందమును, బిల్డరునకు హెచ్చరికను చూపుచున్నది.

ఆ హెచ్చరిక వ్యర్థము కాలేదు. 2017 మే నెలనుండి ఇంగ్లండులో ఏ పబ్బునైనను కూల్చుటకు గాని, అంగడిగనో మఱియొకటిగనో మార్చుటకు గాని, సంఘముయొక్క అనుమతి తప్పనిసరి యని చట్టము మారినది. అంతకు పూర్వము అనేక సందర్భములలో ఆ అడ్డంకి లేకుండెను. ఇంతకు మునుపు మేము పేర్కొనిన క్రూకెడ్ హౌస్ 2023 ఆగష్టు 5వ తేదీన అగ్నికి గురియై, రెండు దినములలో మిగిలిన గోడలుకూడ యంత్రముచేత నేలమట్టము చేయబడినపుడు, జనులు మొదటిదినమునే యెత్తిన నినాదము "తిరిగి కట్టుడు" అనునదే. 2024 ఫిబ్రవరిలో అచ్చటి సంఘమువారు మూడేండ్లలో పూర్వరూపమున కట్టవలెనని ఉత్తరువు చేసిరి. చట్టమున్నంతమాత్రమున గోడలు నిలువవని యిది తెలుపుచున్నది. కార్ల్టన్ చూపిన దారి ఇతరుల నోట ధైర్యమై పలికినదని కూడ తెలుపుచున్నది. ఒక పేటజనుల పట్టుదల మఱియొక పల్లెకు ఆయుధమైనది.

పాఠకమహాశయులారా! ఈ కథ విని, సీమవారు ఘనులని మెచ్చుకొని, పత్రిక మడచి యింటికి పోయినచో మా శ్రమ వ్యర్థము. సీమలో యజమాని లోభము మన యజమాని లోభమువంటిదే; పురపాలకుల నిద్రయు నిద్రయే. అచ్చట భేదము చూపినది జనుల మెలకువ. మీ పట్టణమున పాత సత్రము గలదు. పాత బడి గలదు. పాత నాటకశాల గలదు. మీరిప్పుడు కూర్చుండియున్న పఠనమందిరమే ముప్పదియేండ్లో, ఎనుబదియేండ్లో చూచిన యిల్లు కావచ్చును. దాని ఛాయాపటము మీలో ఎవరియొద్దనైన గలదా? దాని కొలతలు ఎవరైన వ్రాసియుంచిరా? అది ఎవరి చేతికి పోవుచున్నదో, దానిమీద ఏ దరఖాస్తు పడినదో పురపాలక కార్యాలయమునకు పోయి అడిగినవారు గలరా? కూలిన మరునాడు లేఖలు వ్రాయువారు వందలు. కూలకమునుపు కొలబద్ద పట్టువాడు ఒక్కడు కావలెను.

మా కోరిక ఒక్కటే. చారిత్రకమగు ఇంటిని అనుమతి లేక కూల్చినవానికి జుల్మానాతో సరిపుచ్చరాదు. ఆ స్థలమున ఆ యిల్లు తప్ప మఱియొకటి లేవనీయరాదు. పడగొట్టిన చేతులే కట్టవలెను. పడగొట్టిన సంచియే చెల్లింపవలెను. ఈ నియమమును శాసనమునందు వ్రాయించుట శాసనసభ్యుల పని. వ్రాసినదానిని నెరవేర్పించుట పురపాలకుల పని. ఆ యిద్దరిని నిద్రపోనీయకుండుట మన పని. కిల్బర్ను జనులు ఆరేండ్లు నిద్రపోలేదు. మనము ఒక్క సాయంకాలమైన మేల్కొందమా?